ఓక్ తాత తన మనవడి పేరు నిజంగా మర్చిపోయాడా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. పోకెమాన్ అనే వింత జంతువుల్ని పట్టి పోటీలు ఆడే గేమ్‌బాయ్ ఆట పోకెమాన్ రెడ్ మొదలుపెట్టగానే, వాటిని పరిశోధించే ప్రొఫెసర్ ఓక్ ముందు మన పేరు అడుగుతాడు. తర్వాత తన సొంత మనవణ్ణి చూపించి "వీడు నా మనవడు, పసితనం నుంచీ నీకు పోటీ వీడే... అన్నట్టు, వీడి పేరేంటి?" అంటాడు. సొంత మనవడి పేరు తెలియని తాత ఉంటాడా, దీని మీద అభిమానులు చెప్పుకునే సరదా సిద్ధాంతాల్లో నిలబడేది ఏదైనా ఉందా అని అడిగారు. మీ అబ్బాయి ఇదే అడిగితే ఏం చెప్పాలో తోచలేదన్నారు కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ముందు సూటిగా జవాబు. ఆట తయారుచేసినవాళ్లకి మన రైవల్ (అంటే మనకి పోటీగా ఉండే ఆ మనవడు) పేరు మనచేతే పెట్టించాలని ఉంది. ఆ పని కథలో ఎవరో ఒకరి నోటితో చేయించాలి, అది ఓక్ మీద పడింది. ఇది తయారీ వైపు కారణం. ఇక కథ లోపల చూస్తే, నేను నమ్మే సిద్ధాంతం ముద్దుపేరు సిద్ధాంతం: ఓక్ మనవణ్ణి ఇంట్లో ఏ చిన్నోడా అనో బుజ్జీ అనో పిలుస్తాడు. ఇప్పుడు పోకెడెక్స్ (పట్టిన పోకెమాన్ల వివరాలు నమోదయ్యే యంత్రం) ఇచ్చి లోకం మీదికి పంపాలి కాబట్టి బళ్లో పేరు కావాలి, అది పక్కింటి పిల్లవాడికి బాగా తెలుసు, అందుకని వాణ్ణి అడిగాడు. వినగానే నవ్వొస్తుంది. కానీ ఆటలో ఉన్న మాటలతో పోల్చి చూస్తే మిగతా సిద్ధాంతాలకంటే ఇదే గట్టిగా నిలబడుతుంది.

నా అర్హత కూడా చెప్పాలి. నేను హైదరాబాదులో గేములకు మాటలు రాసే పనిలో పదమూడేళ్లుగా ఉన్నాను. పాత్ర ఏం అడగాలి, ఎప్పుడు అడగాలి, ఆ అడిగింది తెర మీద రెండు లైన్లలో పడుతుందా లేదా అన్నదే రోజంతా నా పని. రెడ్ ఆటను మొదటిసారి ఆడింది మాత్రం 2000 వేసవి సెలవుల్లో, భీమవరంలో. మా మావయ్య అమెరికా నుంచి వస్తూ తెచ్చిన గేమ్‌బాయ్ అది. దాని తెరకి వెనక వెలుగు ఉండదు, రాత్రయితే ట్యూబులైటు కింద ఒక వాలులో పట్టుకుని కూర్చుంటేనే బొమ్మ కనిపించేది. పెదనాన్నగారి అబ్బాయి చంటన్నయ్య, నేను వంతులేసుకుని ఆడేవాళ్లం. ఓక్ ఆ ప్రశ్న అడిగినప్పుడు నా చేతిలో ఉంది గేమ్‌బాయ్. ఇంగ్లీషు అక్షరాల్లో "చంటి" అని కొట్టాను. ఆరు అక్షరాలు, సరిపోయింది. పేరుకి ఏడు అక్షరాలే చోటు.

ఈ ఏడక్షరాల సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

సిద్ధాంతాల్లోకి వెళ్లేముందు తయారీ సంగతి కొంచెం చెప్తాను, ఎందుకంటే చాలామంది దీన్ని ఒక్క ముక్కలో దాటేస్తారు. పోకెమాన్ రెడ్, గ్రీన్ ఆటలు జపాన్‌లో 1996 ఫిబ్రవరి 27న వచ్చాయి. గేమ్ ఫ్రీక్ తయారుచేసింది, దర్శకుడు సతోషి తజిరి. ఇంగ్లీషు రెడ్, బ్లూ 1998 సెప్టెంబరులో అమెరికాలో వచ్చాయి. ఓక్ పేరు అడగ్గానే మనకి ఒక చిన్న జాబితా కనిపిస్తుంది: కొత్త పేరు రాసుకోవచ్చు, లేదా తయారుగా ఉన్న మూడిట్లో ఒకటి తీసుకోవచ్చు. జపాన్ ఆటలో మనకిచ్చే పేర్లలో ఒకటి సతోషి, రైవల్‌కిచ్చే వాటిలో ఒకటి షిగేరు. సతోషి అంటే తజిరి పేరే. షిగేరు అంటే నింటెండోలో ఆయనకి గురువులాంటి షిగేరు మియామోతో పేరు. అంటే తయారుచేసినవాళ్లు ఆ ఖాళీలో తమ మనుషుల్నే పెట్టుకున్నారు. మనం కూడా మన మనుషుల్ని పెట్టుకోవాలనే ఆ ఖాళీ వదిలారు.

ఇంకో విషయం. మన పేరు ఆటకి నిజంగా అవసరం. కేబుల్ తగిలించి స్నేహితుడికి ఒక పోకెమాన్‌ను ఇస్తే, దాంతోపాటు పట్టుకున్నవాడి పేరు, ఒక గుర్తింపు సంఖ్య కూడా వెళ్తాయి. ఆ సంఖ్య 0 నుంచి 65535 లోపు ఏదైనా కావచ్చు. నా పేరు అలా ఊళ్లో నాలుగు గేమ్‌బాయ్‌లు తిరగొచ్చు. రైవల్ పేరుకి ఆ అవసరం లేదు. అది మన కార్ట్రిజ్ (ఆట ఉండే క్యాసెట్టు) దాటి ఎక్కడికీ పోదు, ఇంకెవరూ చూడరు. ఆ పేరు మనకోసమే ఉంది, ఓడినప్పుడు ఎవరి మీద మండాలో తెలియడానికి. చంటి చేతిలో ఓడిపోవడం వేరు, బ్లూ అనే ఎవడో చేతిలో ఓడిపోవడం వేరు. నాకు ఆ తేడా పదకొండేళ్లకే తెలిసింది.

సరే, ఇప్పుడు సిద్ధాంతాలు.

అందరూ చెప్పేది మతిమరుపు సిద్ధాంతం. ముసలాయన, నూటయాభై పోకెమాన్ల పేర్లు బుర్రలో దూర్చుకున్నాడు, మనవడి పేరుకి చోటు మిగల్లేదు. దీనికి ఆటలో ఒక బలమైన సాక్ష్యం ఉంది, దాన్ని ఒప్పుకోవాలి. పాలెట్ టౌన్‌లో ఓక్ మనల్ని ల్యాబ్‌కి తీసుకెళ్లాక అక్కడ మనవడు విసుగ్గా నిలబడి ఉంటాడు. "తాతా, ఎంతసేపు ఎదురుచూడాలి?" అంటాడు. దానికి ఓక్ కాసేపు ఆలోచించి, ఆఁ అవును కదూ, నేనే రమ్మన్నాను కదూ అంటాడు. మనవణ్ణి పిలిచిన సంగతే మర్చిపోయాడన్నమాట! ఈ ఒక్క డైలాగుతో మతిమరుపు వాదులు చాలాకాలం నెట్టుకొచ్చారు. మరికొందరు మొదటి తెరను కూడా చూపిస్తారు. ఓక్ మాట్లాడుతూ నిడోరినో అనే పోకెమాన్ బొమ్మ చూపిస్తాడు, వినిపించే కూత మాత్రం నిడోరినా అనే ఇంకోదానిది. అది ఓక్ పొరపాటు కింద రాయలేం, ఆటలోకి జారిన పొరపాటు. కానీ మతిమరుపు పక్షానికి దొరికిన ప్రతి పుల్లా పనికొస్తుంది.

అయినా నేను ఈ సిద్ధాంతాన్ని ఒప్పుకోను. ఎందుకంటే ఓక్ జ్ఞాపకశక్తి ఈ ఆట మొత్తంలో అందరికంటే పదునైనది. మీరు నీళ్లు లేనిచోట గాలం వెయ్యబోయారనుకోండి. ఎక్కడున్నా సరే, ఏ గుహలో ఉన్నా సరే, మన పేరు పెట్టి పిలిచి "ఇది దాన్ని వాడే సమయం కాదు" అని ఓక్ మాటే వస్తుంది. ఆట జరిగే ప్రాంతం కాంటో అంతటా తిరిగే పిల్లవాడి సంచిలో ఏముందో, ఎప్పుడు తీస్తున్నాడో తెలిసిన మనిషి. మన పోకెడెక్స్‌లో ఎన్ని పట్టామో చూసి లెక్క చెప్తాడు. చివర్లో మనం చాంపియన్ అయ్యాక వచ్చి, నువ్వు మొదట ఏ పోకెమాన్‌తో ఇల్లు వదిలావో దాని పేరు చెప్పి, అప్పటినుంచి ఎంత ఎదిగావో అంటాడు. తొలిరోజు ల్యాబ్‌లో చూపించిన మూడిట్లో మనం ఏది ఎంచుకున్నామో దానిపేరే చెప్తాడు. పక్కింటి పిల్లవాడు తొలిరోజు తీసుకున్న పోకెమాన్ గుర్తున్నవాడికి ఇంట్లో మనవడి పేరు గుర్తుండదా?

ల్యాబ్‌లో డైలాగుకి నా సమాధానం ఇది: రమ్మన్న సంగతి మర్చిపోవడం వేరు, పేరు మర్చిపోవడం వేరు. పనిలో ములిగిన మనిషికి పిల్లల్ని రమ్మన్నామన్న సంగతి గుర్తుండదు. మా నాన్నగారు నన్ను బజారుకి రమ్మని చెప్పి తనొక్కరే వెళ్లిపోయిన రోజులు బోలెడు. పేరు ఎప్పుడూ మర్చిపోలేదు.

రెండోది పట్టించుకోని తాత సిద్ధాంతం. ఇది కొంచెం బరువైనది, సరదాగా మొదలై దిగులుగా ముగుస్తుంది. రైవల్ అమ్మానాన్నలు ఆటలో ఎక్కడా కనిపించరు. ఇంట్లో అక్క డైసీ ఒక్కతే. తాత పొద్దస్తమానం ల్యాబ్‌లో. మనవడి పేరు కూడా తెలియనంత దూరం పెట్టాడు కాబట్టే వాడు అంత పొగరుబోతు అయ్యాడు, తాత మెప్పు కోసమే చాంపియన్ కావాలనుకున్నాడు అంటారు. చివర్లో ఓడిపోయిన మనవడితో ఓక్ "నాకు నిరాశ కలిగించావు" అనడాన్ని రుజువుగా చూపిస్తారు.

ఆ సీనుని నెమ్మదిగా చదవండి. చాంపియన్ పోటీ జరిగే ఇండిగో ప్లాటోకి ఓక్ ఎందుకొచ్చాడు? మనకోసం కాదు. మనవడు ఎలీట్ ఫోర్‌ని, అంటే చివరి నలుగురు మేటి ఆటగాళ్లని, గెలిచాడని తెలిసి వచ్చాడు, తీరా వచ్చేసరికి వాడు ఓడిపోయి ఉన్నాడు, ఆ మాట తనే చెప్తాడు. మనవడు గెలిచాడని వినగానే ల్యాబ్ వదిలేసి అంత దూరం బయల్దేరిన తాత పట్టించుకోని తాత ఎలా అవుతాడు? పైగా ఆ కొద్ది మాటల్లోనే వాడిపేరు ఒకటికి రెండుసార్లు పెట్టి పిలుస్తాడు. తిడుతున్నాడు కాబట్టి పూర్తి పేరుతో పిలిచాడు, ఇది ముద్దుపేరు సిద్ధాంతానికి నాకు దొరికిన మొదటి ఆధారం. మన ఇళ్లల్లో కూడా అంతే కదా. మామూలప్పుడు బుజ్జీ, కన్నా. పరీక్ష తప్పినరోజు మాత్రం ఇంటిపేరుతో సహా పిలుస్తారు.

మూడోది పరీక్ష సిద్ధాంతం: ఓక్‌కి అంతా తెలుసు, ఎదుటివాడికి తెలుసో లేదో చూడ్డానికి అడిగాడు. ఇందులో కొంత నిజం ఉంది, కానీ ఒకచోట చిక్కుకుంటుంది. మీరు ఎంత చెత్త పేరు రాసినా ఓక్ "అవునవును, ఇప్పుడు గుర్తొచ్చింది, వాడి పేరు అదే" అని ఒప్పేసుకుంటాడు. పరీక్ష పెట్టినవాడు తప్పు జవాబుకి మార్కులు వెయ్యడు.

అదే ముద్దుపేరు సిద్ధాంతంలో ఆ ఒప్పుకోవడం సహజంగా కుదురుతుంది. రిజిస్టర్లో ఏముందో ఆయనకి తెలియదు. బడిలో రోజూ హాజరు వింటున్న పిల్లవాడు చెప్పాడు. ఓహో, అదా, రాసుకుందాం. అంతే.

ఇక నేను ఈ సిద్ధాంతాన్ని ఇంత గట్టిగా పట్టుకోవడానికి అసలు కారణం చెప్తాను. 2001 ఫిబ్రవరిలో జనాభా లెక్కలు జరిగాయి. మా వీధికి ఒక మాస్టారు వచ్చారు, చేతిలో పొడుగాటి కాయితాలు, చొక్కా జేబులో రెండు బాల్ పెన్నులు. సాయంత్రం వేళ, పెద్దవాళ్లెవరూ ఇంట్లో లేరు. మామ్మ అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నేను పక్కన కూర్చుని ఉన్నాను. చంటన్నయ్య క్రికెట్‌కి పోయాడు. మాస్టారు ఒక్కొక్కరి పేరూ అడుగుతున్నారు. పెదనాన్న పేరు చెప్పింది, పెద్దమ్మ పేరు చెప్పింది, మా అక్క పేరు చెప్పింది. చంటన్నయ్య దగ్గరకొచ్చేసరికి ఆగింది. చేతిలో గింజ చేతిలోనే ఉంది. నా వైపు తిరిగి "ఒరే, మీ అన్నయ్య పేరేంట్రా? మాస్టారికి చెప్పు" అంది.

నాకు ఒళ్లు ఝల్లుమంది. అచ్చం ఓక్! అదే ఆగడం, అదే పక్కవాడి వైపు తిరగడం, అదే ప్రశ్న.

మామ్మకి పేరు తెలియక కాదు. చంటన్నయ్యకి తాతయ్య పేరు పెట్టారు, వెంకట సత్యనారాయణ. తాతయ్య పోయి అప్పటికి ఐదేళ్లు. మొగుడి పేరు నోటితో పలకకూడదని మామ్మ పట్టింపు, ఆయన పోయాక కూడా పలకలేదు. అందుకే మనవడు పుట్టిన రోజునుంచీ ఆవిడకి వాడు చంటోడే. నేను పేరు చెప్పగానే మాస్టారు రాసుకున్నారు, మామ్మ "ఆఁ, అదే" అంది. అది కూడా ఓక్ మాటే. ఆ రోజునుంచి నాకు ఓక్ మీద మతిమరుపు అనే నింద భరించలేని సంగతి అయిపోయింది.

కాంటోలో ఇలాంటి ఆచారం ఉందని నేను అనడం లేదు. జపాన్‌లో పుట్టిన కథకి మన పట్టింపు అంటగట్టడం సరికాదు. నేను చెప్పేదల్లా, ఒక పెద్దమనిషి మనవడి పేరు పక్కవాణ్ణి అడిగాడంటే మతి పోయిందని అర్థం కానక్కర్లేదు. అడగడానికి ఇంకో కారణం ఉండొచ్చు, ఆ కారణం ప్రేమే కావొచ్చు.

ఏడక్షరాల సంగతికి వస్తాను. వెంకట సత్యనారాయణ అని పూర్తిగా రాస్తే ఏడు ఇంగ్లీషు అక్షరాల్లో పట్టదు. సత్యనారాయణ ఒక్కటే పట్టదు. మన పిల్లల్లో చాలామందికి ఆ పెట్టెలో పట్టేది ముద్దుపేరే. అంటే ఓక్ బళ్లో పేరు అడిగితే మనం తిరిగి ముద్దుపేరు చెప్తున్నాం! ఇది నా సిద్ధాంతానికి దెబ్బే. కానీ జపాన్ పిల్లలకి అలాంటి ఇబ్బంది అంతగా ఉండదు. అక్కడ ఐదు కానా (జపాన్ లిపి) అక్షరాలకే చోటు, సతోషి మూడు అక్షరాల్లో, షిగేరు మూడు అక్షరాల్లో అయిపోతాయి. కాబట్టి పుట్టిన చోట సిద్ధాంతం నిలబడుతుంది, భీమవరంలోనే కాస్త ఒరుగుతుంది.

ఇంకో దెబ్బ కూడా ఉంది, దాచకూడదు. పక్కింటికి వెళ్తే డైసీ మనతో తమ్ముడు తాతయ్య ల్యాబ్‌లో ఉన్నాడని చెప్తూ వాడి పేరు పెట్టే చెప్తుంది, మనం రాసిన పేరే. ఇంట్లో అందరూ ముద్దుపేరుతో పిలిస్తే అక్క ఎందుకలా అంటుందని నన్ను ఒకరు గట్టిగా నిలదీశారు. నాకు తోచిన జవాబు: బయటివాళ్లతో మాట్లాడేటప్పుడు తోబుట్టువులు అసలు పేరే వాడతారు. మా చెల్లెలు నన్ను ఇంట్లో ఏమని పిలుస్తుందో నా ఆఫీసులో ఎవరికీ తెలియదు. ఈ జవాబు మీకు చాలకపోతే తప్పు పట్టను. సిద్ధాంతంలో సన్నగా ఉన్నచోటు ఇదే.

మంచి అభిమాన సిద్ధాంతం ఎలా ఉండాలో పోకెమాన్ లోకంలోనే ఒక కొలత ఉంది. డిట్టో అనే పోకెమాన్, మ్యూ అనే అరుదైన పోకెమాన్‌ని క్లోన్ చెయ్యబోయి విఫలమైన ప్రయోగం అని ఒక వాదన ఉంది. ఆ వాదన ఎందుకు బతికింది? రెండిటి బరువూ 4 కిలోలే. తొలి తరం ఆటల్లో రూపం మార్చుకునే విద్య తమంత తాముగా వచ్చేది ఆ రెండిటికే. మ్యూ నుంచి క్లోన్ చేసిన మ్యూటూ దొరికే గుహలో డిట్టో కూడా తిరుగుతుంది. ఊహ ఎంత వింతదైనా, ఆటలోంచి తీసిన ముక్కలు దానికి ఆనుకుని నిలబడాలి. ఆటలో ఒక్క మాట కూడా తోడు రాకపోతే అది సిద్ధాంతం కాదు, కబుర్లు.

ఇక్కడ ఒక పక్కదారి. పేరు మర్చిపోవడం అన్నారు కదా, ఆ ఆటలో నిజంగా పేరుని తప్పుచోట పెట్టి మర్చిపోయిన సందర్భం ఒకటుంది, అది ఓక్ చేసింది కాదు. విరిడియన్ సిటీలో ఒక ముసలాయన పోకెమాన్ ఎలా పట్టాలో చూపిస్తాడు. ఆ కాసేపూ తెర మీద మన పేరు బదులు ముసలాయన అని రావాలి. అందుకని ప్రోగ్రాము మన పేరు తీసి వేరేచోట దాస్తుంది, పాఠం అయ్యాక తిరిగి తెస్తుంది. దాచిన చోటు ఏదంటే, ఆ ప్రాంతంలో గడ్డిలో ఏ పోకెమాన్లు తిరుగుతాయో రాసుకునే జాగా. పేరు తిరిగొచ్చింది కానీ దాని నకలు అక్కడే మిగిలిపోతుంది. అక్కణ్ణుంచి నేరుగా సినబార్ ఐలాండ్‌కి ఎగిరి వెళ్లి తూర్పు ఒడ్డు వెంట ఈదితే, ఆట మన పేరులోని అక్షరాల్నే పోకెమాన్ల జాబితా అనుకుని చదువుతుంది. మూడో అక్షరం, ఐదో అక్షరం, ఏడో అక్షరం ఏ పోకెమాన్ రావాలో చెప్తాయి. రెండు, నాలుగు, ఆరు వాటి లెవల్ చెప్తాయి. జాబితాలో లేని పోకెమాన్‌గా ప్రఖ్యాతి గాంచిన మిస్సింగ్‌నో పుట్టింది ఇలాగే. పేరు పెట్టడం ఈ ఆటలో ఎంత లోతుకి దిగిందో చూడండి: మీరు మొదటి నిమిషంలో సరదాగా కొట్టిన అక్షరాలు ముప్పై గంటల తర్వాత సముద్రంలోంచి లేచొస్తాయి.

తర్వాత వచ్చిన ఆటలు ఈ ప్రశ్నని ఏం చేశాయో కూడా చెప్పాలి, ఎందుకంటే రాసేవాళ్లకి అందులో పాఠం ఉంది. 1999లో వచ్చిన గోల్డ్, సిల్వర్ ఆటల్లో రైవల్ ఒక దొంగ. ల్యాబ్ నుంచి పోకెమాన్‌ను ఎత్తుకుపోతాడు. పోలీసు వచ్చి, వాడితో తలపడ్డావు కదా, వాడి పేరు తెలిసిందా అని మనల్ని అడుగుతాడు. మనం పేరు రాస్తాం. ఎంత చక్కగా అతికిందో! అడిగేవాడికి నిజంగా తెలియదు, మనకి తెలిసే వీలుంది. 2006లో డైమండ్, పర్ల్‌లో ప్రొఫెసర్ రోవన్ కూడా అడుగుతాడు కానీ, వీడు నీ స్నేహితుడనుకుంటా, పేరేంటి అంటాడు. ఆయనకి పరిచయం లేదు కాబట్టి ఇబ్బంది లేదు. రెండూ ఓక్ ప్రశ్నకంటే తర్కానికి బాగా నిలబడతాయి.

అయినా ఆ రెండిటి మీద ఎవరూ సిద్ధాంతాలు కట్టినట్టు నేను వినలేదు. ఓక్ ప్రశ్నే ఇరవయ్యేళ్లు దాటినా నోళ్లలో నానుతోంది. 2004లో ఫైర్‌రెడ్, లీఫ్‌గ్రీన్ పేరుతో పాత ఆటని మళ్లీ చేసినప్పుడు ఆ తడబాటుని సరిదిద్దే అవకాశం ఉంది. సరిదిద్దలేదు, అలాగే ఉంచారు. మంచిపని చేశారు.

నా పనిలో ఇది ఒకసారి సూటిగా ఎదురైంది. పిల్లల కోసం తెలుగులో ఒక ఫోన్ గేము చేస్తున్నాం. గోదావరి మీద పడవ కథ. మొదట పేర్లు రాయడానికి ఒక ఫారం పెట్టాం: మీ పేరు, స్నేహితుడి పేరు. తెచ్చి పిల్లలకిస్తే చాలామంది చేతికందిన అక్షరాలు నొక్కేసి ముందుకెళ్లిపోయారు. ఫారం తీసేసి పడవ సరంగుని పెట్టాను. ఆయన తెడ్డు ఆపి, గట్టు మీద నిలబడ్డ పిల్లవాడి వైపు చూసి "వాడు మా అక్క మనవడే... ఏం పేరబ్బా వాడిది?" అంటాడు. ఓక్ దగ్గర నేర్చుకున్నదే, దాచేదేం లేదు. ఈసారి ఒక పాప తల ఎత్తి పెద్దగా "కార్తీక్!" అంది, ఫోన్‌కి చెప్తున్నట్టు. తర్వాత అక్షరాలు వెతుక్కుంటూ రాసింది. కార్తీక్ ఎవరమ్మా అంటే, "మా క్లాసే, నా రబ్బరు తీసుకున్నాడు" అంది.

ఫారంలో ఖాళీ కనిపిస్తే పిల్లలు దాన్ని నింపేస్తారు. ఒక పెద్దాయన తడబడితే సాయం చేస్తారు. ఓక్ తడబాటు అంత పని చేస్తుంది. ఇంగ్లీషులో ఆ తడబాటు ఒక చిన్న మూలుగు మాత్రమే, జపనీస్‌లోనూ ఏటో అన్నట్టు ఒక నసుగుడు. గేమ్‌బాయ్ తెర మీద మాటల పెట్టెలో లైనుకి పద్దెనిమిది అక్షరాలు, రెండే లైన్లు. అంత ఇరుకులో ఒక అనవసరమైన నసుగుడికి చోటిచ్చారంటే అది కావాలని పెట్టిందే. నేను తెలుగు చేస్తే "అన్నట్టు" అని పెడతాను. "గుర్తు రావడం లేదు" అని మాత్రం పెట్టను, అలా పెడితే మతిమరుపు వాళ్లకి గెలుపు రాసిచ్చినట్టే.

"నువ్వు అబ్బాయివా, అమ్మాయివా" అనే ప్రశ్న గురించి కూడా చివర్లో ఒక ముక్క అడిగారు. రెడ్‌లో అసలు ఆ ప్రశ్నే లేదు, అందరూ అబ్బాయిలే. అది 2000 డిసెంబరులో జపాన్‌లో వచ్చిన క్రిస్టల్‌తో మొదలైంది. ఓక్ నోట వినాలంటే ఫైర్‌రెడ్ ఆడాలి. ఆయనకి కళ్లు కనపడవని ఒక సరదా సిద్ధాంతం ఉంది కానీ దానికి ఆటలో ఏ మాటా తోడు లేదు, వదిలెయ్యండి. అయితే ఆ ప్రశ్నకి ఫలితం మాత్రం ఇంట్లోనే కనిపిస్తుంది. అబ్బాయైతే అమ్మ "మగపిల్లలందరూ ఎప్పుడో ఒకప్పుడు ఇల్లు వదిలి వెళ్తారు, టీవీలో చెప్పారు" అంటుంది. అమ్మాయైతే ఆడపిల్లలందరూ ప్రయాణాల కలలు కంటారని టీవీలో చెప్పారంటుంది. అమ్మతో ముందు మాట్లాడి వెళ్లమని మీ అబ్బాయికి చెప్పండి, చాలామంది ఆ మాట చదవకుండా బయటికి పరిగెడతారు.

ఒక జాగ్రత్త. పాత కార్ట్రిజ్ మీద ఆడిస్తుంటే, లోపల సేవ్‌ని బతికించేది ఒక చిన్న బటన్ సెల్. అది అయిపోతే సేవ్ పోతుంది, పేర్లూ పోతాయి. మాది కిందటేడు పోయింది. చంటన్నయ్య దాన్ని తీసుకుని మా ఇంటికొచ్చాడు, నేను కొత్త సెల్ అతికించాను. వాళ్లమ్మాయికి ఎనిమిదేళ్లు, గేమ్‌బాయ్ దాని చేతికిచ్చాం. ట్యూబులైటు కిందే కూర్చుంది. ఓక్ వచ్చాడు, మనవణ్ణి చూపించాడు, పేరేంటని అడిగాడు. అది తల తిప్పి వాళ్ల నాన్నని చూసింది. "చంటి అని రాయమ్మా" అన్నాడు అన్నయ్య.

"చంటి ఎవరు నాన్నా?" అంది.